స్టీరింగ్ చప్పుళ్లు: రాక్ మార్చే ముందు చూడవలసినవి

కారు స్టీరింగ్ దగ్గర చప్పుడు వస్తోందని మా విజయనగరంలో ఏ షెడ్డుకు తీసుకువెళ్లినా బానెట్ ఎత్తకముందే వినిపించే తీర్పు ఒకటుంది. రాక్ (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీ) పోయింది, మార్చాలి. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే కావచ్చు. కాని రాక్ ధర వేలల్లో ఉంటుంది, దాన్ని విప్పి బిగించే కూలి వేరు, ఆపైన చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంటు ఖర్చు వేరు. ఇవన్నీ భరించిన తరువాత కూడా అదే చప్పుడు అదే మలుపులో వినిపించిన కార్లను నేను మా బంధువుల ఇళ్లలోనే చూశాను. కొన్ని వందల రూపాయల లింక్ రాడ్డో (చక్రం దగ్గరి చిన్న కడ్డీ), ఎండిపోయిన రబ్బరు బుష్షో (కీళ్ల దగ్గర అదురు ఆపే రబ్బరు తొడుగు) చేసిన తప్పుకు రాక్ బలి అవుతూ ఉంటుంది.

సాలూరులో లారీల మీద పని నేర్చుకుని, ఇప్పుడు మా ఊళ్లో చిన్న షెడ్డు నడుపుకుంటున్న పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. కారు తెచ్చి ఆపి "స్టీరింగ్‌లో చప్పుడండీ" అన్నంత మాత్రాన ఆయన పానాలు తీయరు. "సప్పుడు ఇనపడే సోటు వేరు బాబూ, పుట్టే సోటు వేరు. ఎప్పుడొస్తందో మీరు సెప్పండి, ఎక్కడొస్తందో నాను సూస్తాను" అంటారు. ఈ 'ఎప్పుడు' అన్నదానికి యజమాని సరిగ్గా జవాబు చెప్పగలిగితే సగం పని షెడ్డుకు చేరకముందే పూర్తవుతుంది. కారు నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పినా వస్తుందా, కదులుతున్నప్పుడే వస్తుందా? తిప్పితేనే వస్తుందా, గతుకుల మీద తిన్నగా పోతున్నా వస్తుందా? చెవికి వినిపించడంతో ఆగుతుందా, స్టీరింగ్ పట్టుకున్న అరచేతికి కూడా తగులుతుందా? ఇంతకుమించి పరికరాలేవీ లేకుండానే చాలా దూరం వెళ్లవచ్చు.

అలా వెళ్లాలంటే స్టీరింగ్ నుంచి టైరు దాకా ఏ భాగం తరువాత ఏ భాగం ఉంటుందో ఒకసారి మనసులో గీసుకోవాలి. మనం తిప్పే స్టీరింగ్ కింద కాలమ్ ఉంటుంది, దాని చివర రెండు యూనివర్సల్ జాయింట్లున్న (వంపులో కూడా తిరిగే కీళ్లు) చిన్న షాఫ్టు డ్యాష్‌బోర్డు వెనుక గోడను దాటి ఇంజిన్ వైపుకు దిగుతుంది, అక్కడ పినియన్ అనే చిన్న పళ్ల చక్రం రాక్ అనే పళ్ల కడ్డీని కుడికి ఎడమకు జరుపుతుంది. రాక్ రెండు కొసలలో రాక్ ఎండ్‌లు, వాటి చివర టై రాడ్ ఎండ్‌లు, అవి పట్టుకుని తిప్పే నకల్, ఆ నకల్ మీద చక్రం ఉంటాయి. అయితే ముందు చక్రాలకు స్ట్రట్ (షాక్ అబ్జార్బరు, స్ప్రింగు కలిసిన నిలువు కాడ) ఉన్న కార్లలో నకల్ ఒక్కటే తిరగదు. పైన స్ట్రట్టు, దాని స్ప్రింగు, కింద చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కొసనున్న బాల్ జాయింటు (బంతి కీలు), మధ్యలో యాక్సిల్ జాయింటు అన్నీ దానితోపాటు తిరుగుతాయి. అందుకే స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే చప్పుడంతా స్టీరింగ్‌దే అనుకోవడానికి వీలు లేదు.

మా చిన్న హాచ్‌బ్యాక్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. ఇంటి ముందు సందులో కారును వెనక్కు తిప్పేటప్పుడు ముందు ఎడమవైపు నుంచి 'టంగ్' మని తీగ మీటినట్లు ఒక శబ్దం వచ్చేది. అదే కారు రామభద్రపురం దాకా పరుగెత్తినా మళ్లీ ఆ మాట ఎత్తేది కాదు. ఒక వర్క్‌షాపువారు రాక్ అని రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, ఆదివారం ఉదయం వీధిలో సందడి మొదలుకాక ముందు, హ్యాండ్ బ్రేకు వేసి, మా అబ్బాయిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నేను టైరు పైన సందులోంచి చేయి చాచి స్ప్రింగు బయటి వైపున అరచేయి ఆనించాను. స్ప్రింగు చుట్ల మధ్యకు వేళ్లు పోనివ్వకూడదు, ఈ ఒక్క జాగ్రత్త మరువరాదు. అబ్బాయి మెల్లగా స్టీరింగ్ తిప్పుతూ ఉంటే చక్రం తిరిగింది గాని స్ప్రింగు కదలలేదు. కొంత దూరం అలాగే బిగుసుకుపోయి నిలబడి, ఒక్కసారిగా నా చేతి కింద గిర్రుమని ఎగిరి తన చోటుకు వచ్చింది. చెవిన పడిన 'టంగ్', అరచేతికి తగిలిన కుదుపు ఒకే క్షణంలో వచ్చాయి. కుడివైపు స్ప్రింగు మాత్రం చక్రంతోపాటే మెత్తగా తిరిగింది.

ఇది స్ట్రట్ పైకొసలో ఉండే బేరింగు పని. ఆ బేరింగు దుమ్ము పట్టి, నీరు దిగి, తుప్పుతో బిగుసుకుపోతే స్ప్రింగు తిరగలేక మెలిపడి, చివరకు జారుతుంది. స్టీరింగ్ తిప్పిన తరువాత తనంతట తాను మధ్యకు రావడానికి బద్ధకించడం కూడా దీని లక్షణమే, మా కారులో ఆ బద్ధకం కూడా కొంత ఉండేది. బేరింగు, దాని మీది రబ్బరు మౌంటు రెండు పక్కలా మార్పించాము. ఈ పనిని మాత్రం ఎవరూ ఇంట్లో చేయరాదు. స్ప్రింగును ప్రత్యేకమైన కంప్రెసరుతో నొక్కి పట్టిన తరువాతనే స్ట్రట్ పై నట్టు విప్పాలి. అది లేకుండా విప్పితే స్ప్రింగు మనిషి ప్రాణం మీదికి తేగలదు.

కారు నిలబడి ఉండగా వచ్చేవాటిలో మరికొన్ని కారు లోపలే పుడతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సరసరమని కాగితం రాసుకున్నట్లు వినిపిస్తే ముందు కాలమ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగును, ఆ తరువాత క్లాక్ స్ప్రింగును అనుమానించాలి. క్లాక్ స్ప్రింగు అంటే హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టలు చుట్టిన పలుచని రిబ్బను తీగ. ఆ చప్పుడుతోపాటు హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా అది దాదాపు ఖాయం. ఎయిర్‌బ్యాగ్ విప్పవలసిన పని కనుక బ్యాటరీ తీగ తీసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగి, తెలిసినవారే చేయాలి. పాదాల దగ్గర, షాఫ్టు గోడను దాటే చోట ఉండే రబ్బరు తొడుగు ఎండిపోతే కీచుమని అరుస్తుంది. దానికి సిలికాన్ గ్రీజు కొద్దిగా పూస్తే సరిపోతుంది, అంతకన్నా పెద్ద వైద్యం అక్కరలేదు.

యూనివర్సల్ జాయింటు చప్పుడు వేరు. అది చెవికంటే చేతికి ఎక్కువ తెలుస్తుంది. స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఒకే చోట 'టక్' మని అరచేతిలో కొట్టినట్లు ఉంటుంది, కొన్నిసార్లు ఒక చోట బిగుతుగా, మరొక చోట వదులుగా తిరుగుతుంది. చిన్న కార్లలో ఎక్కువ భాగానికి కరెంటు పవర్ స్టీరింగ్ మోటారు ఈ కాలమ్ మీదే ఉంటుంది కాబట్టి, ఆ మోటారుకు, దాని గేరుకు మధ్య ఉండే రబ్బరు ముక్క నలిగినా ఇంచుమించు ఇలాంటి టకటకే వస్తుంది. ఈ రెంటినీ విడదీయడానికి ఒకరు స్టీరింగ్ ఆడిస్తుండగా మరొకరు కింద జాయింటు మీద వేలు పెట్టి చూడాలి. జాయింటులో దెబ్బ తగిలితే జాయింటు, తగలకపోతే పైన మోటారు. నిలబడిన కారులో స్టీరింగ్ తిప్పితే మోటారు సన్నగా 'ఉయ్' మనడం మాత్రం జబ్బు కాదు, అది దాని గొంతు.

ఆయిల్ ఒత్తిడితో పనిచేసే పాత హైడ్రాలిక్ స్టీరింగుల లోకం మరొకటి. శ్రీకాకుళంలో ఉన్న మా బావగారి డీజిల్ కారు ఏడు రోడ్ల కూడలి దగ్గర రద్దీలో మెల్లగా మలుపు తీసుకునేటప్పుడు పొద్దుపోయిన ఎద్దులా మూలిగేది. పంపు మార్చాలని ఆయనకు చెప్పి పంపారు. నేను వెళ్లినప్పుడు "బావగారూ, స్టీరింగ్ ఆయిల్ ఎప్పుడైనా చూశారా?" అని అడిగితే "ఇంజిన్ ఆయిల్ అయితే ప్రతి సర్వీసుకూ మారుస్తున్నాను గదా" అన్నారు. చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ కనీసపు గీతకు కొంచెం దిగువన ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పైన చిక్కటి నురగ తేలుతోంది. నురగ ఉందంటే ఆయిల్‌లోకి గాలి చేరుతోందని అర్థం. ఆ గాలి బుడగలు పంపులో నలిగినప్పుడు వచ్చేదే ఆ మూలుగు.

గాలి ఎక్కడినుంచి వస్తోందన్నది అసలు ప్రశ్న. డబ్బా నుంచి పంపుకు ఆయిల్ తీసుకువెళ్లే గొట్టంలో ఒత్తిడి చాలా తక్కువ, అక్కడ పంపు పీల్చుకుంటుంది. కాబట్టి ఆ గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా ఆయిల్ బయటికి ధారగా కారదు, గాలే లోపలికి పోతుంది. నేల మీద మరక లేదు గనుక లీకు లేదని తేల్చేయడం అక్కడే పొరపాటవుతుంది. బావగారి కారులో క్లిప్పు దగ్గర ఆ గొట్టం గట్టిపడి, వంచితే సన్నని పగుళ్లు విచ్చుకున్నాయి. గొట్టం, క్లిప్పు మార్చి, ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లగా తిప్పుతూ, డబ్బాలో బుడగలు ఆగేవరకు ఆయిల్ పోస్తూ పోయాము. ఆ తరువాతనే ఇంజిన్ వేసి మళ్లీ తిప్పాము. మూలుగు పోయింది, పంపు పాతదే ఉంది. కారు పుస్తకంలో ఏ ఆయిల్ రాసి ఉంటే అదే పోయాలి. చేతికి అందింది గదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి, అప్పుడు నిజంగానే పంపూ రాకూ కొనవలసి వస్తుంది.

ఇదే రకం కార్లలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, స్టీరింగ్ చివరి దాకా తిప్పినప్పుడు కీచుమంటే పంపును తిప్పే బెల్టు జారుతోందని గ్రహించాలి. చివరి దాకా తిప్పి అక్కడే అదిమి పట్టడం ఎలాగూ మంచి అలవాటు కాదు. పంపు అప్పుడు తన పూర్తి ఒత్తిడితో పనిచేస్తూ ఆయిల్‌ను వేడెక్కిస్తుంది. క్షణంసేపు వచ్చే 'స్' శబ్దానికి మాత్రం భయపడనక్కరలేదు.

ఇక గతుకుల మీద తిన్నగా పోతున్నా వచ్చే చప్పుళ్లు. మన జిల్లాల్లో వీటికి కొరత లేదు, జాతీయ రహదారి దిగి పల్లె దారి పట్టగానే మొదలవుతాయి. తక్కువ వేగంలో, ఒక చక్రం గోతిలో పడి రెండోది పైనే ఉన్నప్పుడు లొటలొటమంటే ముందు స్టెబిలైజర్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్డును, దాని బుష్షులను చూడాలి. నా ఉద్దేశంలో రాక్ పేరు మీద పోయే డబ్బులో ఎక్కువ భాగం వీటిదే. లింక్ రాడ్డు విప్పి చేత్తో ఆడిస్తే దాని బంతి బిగువుగా కదలాలి, తలాడిస్తే పోయినట్లే. అనుమానం తీరకపోతే మేస్త్రులు రెండు లింకులూ విప్పి పక్కన పెట్టి, అదే గతుకుల దారిలో మెల్లగా కొద్దిదూరం నడిపి చూస్తారు. చప్పుడు మాయమైతే దొంగ దొరికాడు. బ్రేకు వేసినప్పుడు, వదిలినప్పుడు 'ధబ్' మంటే లోయర్ ఆర్మ్ వెనుక బుష్షు వైపు చూడాలి.

టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్‌లను పరీక్షించే తీరు చాలామందికి తెలిసిందే. చక్రం గాలిలోకి లేపి గడియారంలో మూడు, తొమ్మిది అంకెలుండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. అక్కడ కదలిక ఉంటే టై రాడ్డో రాక్ ఎండో, పన్నెండు, ఆరు దగ్గర ఊపినప్పుడు కదలిక ఉంటే బాల్ జాయింటో చక్రపు బేరింగో అని లెక్క. అయితే ఇంతకంటే నమ్మదగిన పరీక్ష మరొకటుంది, ఎందుకో మన షెడ్లలో దాన్ని ఎక్కువగా చేయరు. కారు బరువు టైర్ల మీదే ఉండగా, ఇంజిన్ నడుస్తూ ఉండగా, ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు మేర మాత్రమే కుడికి ఎడమకు వేగంగా ఆడిస్తారు. మరొకరు ఒక్కొక్క జాయింటు మీద వేళ్లు ఆనించి చూస్తారు. అరిగిన జాయింటు దగ్గర రెండు ముక్కలు వేర్వేరుగా కదలడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. గాలిలో వేలాడే చక్రం దాచిపెట్టే చిన్న వదులును ఈ పద్ధతి దాచనివ్వదు. జాయింటు మీది రబ్బరు టోపీ చిరిగి, అందులోంచి గ్రీజుకు బదులు ఎర్రటి తుప్పునీరు కారుతున్నట్లు కనిపిస్తే ఆడించి చూడవలసిన అవసరం కూడా ఉండదు. భీమిలి, కళింగపట్నం వైపు తీరం దగ్గర తిరిగే కార్లలోను, అక్టోబరు తుపానుల్లో మోకాటి లోతు నీళ్లు దాటిన కార్లలోను ఈ టోపీలను ప్రత్యేకంగా చూసుకోవాలి.

రబ్బరు బుష్షులు కిర్రుమంటున్నప్పుడు ఏ బుష్షో తేల్చుకోవడానికి నీళ్ల సీసా ఒకటి చాలు. వాన కురిసిన రోజున చప్పుడు మాయమై, ఎండ కాయగానే తిరిగి వస్తుంటే అది ఎండిన రబ్బరే. ఒక్కొక్క బుష్షు మీదే నీళ్లు చిమ్మి, బానెట్ మీద చేతులు పెట్టి కారును కిందికి పైకి ఊపి వినాలి. ఏది తడిపినప్పుడు గొంతు ఆగిందో అదే కారణం. వాటర్ సర్వీసింగ్ అయ్యాక కారు కింద డీజిల్ చిమ్మే ఆచారం మన దగ్గర ఇంకా పోలేదు. చప్పుడు నాలుగు రోజులు ఆగుతుంది, రబ్బరు మాత్రం ఉబ్బి మెత్తబడి త్వరగా పోతుంది. వద్దని ముందే చెప్పి కారు అప్పగించడం మేలు.

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడే చప్పుడు మరొకటుంది. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ బాగా తిప్పి, యాక్సిలరేటర్ నొక్కుతుండగా చక్రం వేగానికి తగ్గట్టు కటకటకట మంటే అది యాక్సిల్ బయటి సీవీ జాయింటు, అంటే చక్రం మలుపు తిరిగి ఉన్నా ఇంజిన్ బలాన్ని దానికి అందించే కీలు. స్టీరింగ్ తిన్నగా పెట్టగానే ఆగిపోతుంది కాబట్టి రాక్ మీద అనుమానం రావడం సహజమే. చక్రం లోపలి వైపు, స్ట్రట్టు మీద గ్రీజు చిమ్మిన మరకలున్నాయేమో చూస్తే ఆ జాయింటు మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరిగిన సంగతి తెలుస్తుంది. చిరిగిన వెంటనే పసిగడితే బూటు, గ్రీజు మార్చడంతో పోతుంది. కటకట మొదలయ్యాక జాయింటే మార్చాలి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద ఉలవ కట్టె, చోళ్ల వెన్నులు పరిచి ఉంటారు, కార్లు దాని మీద నుంచే పోవాలి. ఆ కట్టె యాక్సిల్‌కు చుట్టుకుని ఎక్కడో రాసుకుంటూ కరకరమంటుంది. అలాంటి దారిన వచ్చిన తరువాత కొత్త చప్పుడేదైనా వస్తే షెడ్డుకు పోయే ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, టార్చిలైటు వేసి కిందికి వంగి చూడండి. వేడి సైలెన్సరు దగ్గర చిక్కుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

16వ నంబరు జాతీయ రహదారి మీద వేగం అందుకున్నాక 'గుంయ్' మని వచ్చి, స్టీరింగ్ కొద్దిగా ఎడమకు తిప్పితే పెరిగి, కుడికి తిప్పితే తగ్గేది కుడివైపు చక్రపు బేరింగు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపు పడుతుంది. అరుగుదల సమానంగా లేని టైర్లు కూడా ఇలాగే పాడతాయి, ముందు టైర్లు వెనక్కు మార్చి చూస్తే చప్పుడు చోటు మారుతుందో లేదో తెలుస్తుంది. బ్రేకు డిస్కుకు, దాని వెనుక రేకుకు మధ్య ఇరుక్కున్న చిన్న రాయి భయంకరంగా గీకుతుంది, ఖర్చు మాత్రం సున్నా.

ఇవన్నీ చూశాక కూడా గతుకుల మీద స్టీరింగ్ కాలమ్ గుండా చేతికి దడదడ తగులుతూ, టై రాడ్లు, రాక్ ఎండ్‌లు గట్టిగానే ఉంటే, అప్పుడు రాక్ లోపలి సంగతి ఆలోచించవలసిందే. లోపల ఒక గైడు స్ప్రింగు బలంతో రాక్‌ను పినియన్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. అది అరిగితే పళ్ల మధ్య వదులు ఏర్పడుతుంది. చాలా రాక్‌లలో దాన్ని కొద్దిగా బిగించే ఏర్పాటు ఉంటుంది, కాని అతిగా బిగిస్తే మలుపు తరువాత స్టీరింగ్ మధ్యకు తిరిగి రాదు, అది చప్పుడు కంటే ప్రమాదం. హైడ్రాలిక్ కార్లలో రాక్ కొసల్లోని ముడతల రబ్బరు తొడుగు విప్పితే లోపల ఆయిల్ నిలిచి ఉంటే సీలు పోయినట్లే. ఇలాంటి రుజువులు కంటితో చూపించి రాక్ మార్చాలంటే అభ్యంతరం చెప్పవలసిన పని లేదు.

మరమ్మతు చేయించేటప్పుడు దగ్గరుండి చూసుకోవలసినవి రెండు మూడున్నాయి. టై రాడ్ ఎండ్ మార్చితే పాతది ఎన్ని చుట్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టి కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలి, అయినా అలైన్‌మెంటు తప్పనిసరి. స్ప్లిట్ పిన్ను, లాక్ నట్టు పాతవి తిరిగి వాడనివ్వకూడదు. లోయర్ ఆర్మ్ బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి కొత్త బుష్షే కిర్రుమనడం మొదలుపెడుతుంది. బరువు నేల మీదికి వచ్చాకనే ఆ బోల్టులు బిగించాలి. కారు కింద తల పెట్టే ఎవరైనా సరే, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండు పెట్టాలి. బాల్ జాయింటులోనో టై రాడ్డులోనో కదలిక కంటికి కనిపించేంత ఉంటే ఆ కారును షెడ్డు దాకా కూడా నడపవద్దు, మేస్త్రినే ఇంటికి పిలిపించాలి. ఆ జాయింటు ఊడితే చక్రం స్టీరింగ్ మాట వినదు.

పని పూర్తయ్యాక పాత భాగాన్ని అడిగి చేతిలోకి తీసుకోండి. టై రాడ్ ఎండ్ అయితే దాని బోల్టు కొసను వేలితో తోసి చూడండి. బాగున్నదైతే బలంగా నెట్టితేనే కదులుతుంది, నెట్టిన చోటే ఆగుతుంది. పోయినదైతే వదలగానే పక్కకు వాలిపోతుంది. వాలకుండా నిలబడితే మాత్రం మేస్త్రిని అక్కడే ఆపి, అసలు చప్పుడు పోయిందో లేదో ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే గతుకుల దారిలో ఒకసారి నడిపి చూసిన తరువాతనే డబ్బు ఇవ్వండి.